ఆరో పూస

అశోక్‌నగర్, హైదరాబాద్
ఏప్రిల్ 6

స్వరూపక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నా దగ్గర ఫోను లేదు, అందుకే రాస్తున్నాను.

మా రూములో ఉండే నలుగురం, అంటే రాజశేఖర్, అనుదీప్, సృజన్, నేను, ఉగాది నాడు ఒట్టు పెట్టుకున్నాం. పరీక్ష రాసేదాకా ఎవరూ ఫోను ముట్టకూడదు. అశోక్‌నగర్‌లో ఇది కొత్తేమీ కాదు. పై అంతస్తులో ఒకాయన ఇట్లాగే ఫోను వదిలేసి ఉద్యోగం కొట్టాడు. ఆయన ఖాళీ చేసిన మంచం కోసం ఇప్పుడు జనం కొట్టుకుంటున్నారు. నా ఫోను మొన్న ఊరికి వచ్చినప్పుడు అమ్మ సందుగలో, చీరల అడుగున పెట్టి వచ్చాను. తీసి పంపొద్దు.

వేరే వాళ్ల ఫోను నుంచి కూడా చేయను. నిరుడు అమ్మ ఫోనులో ఏడ్చిన ప్రతిసారీ నేను జేబీఎస్‌కు పరుగెత్తి బస్సెక్కాను. తిరిగొచ్చేసరికి చదివిందంతా గాలికి పోయేది. మరీ ప్రాణం మీదికి వస్తే మా హాస్టల్ ఓనరు జగన్మోహన్ గారికి చెయ్యి, నంబరు కింద రాశాను. లేకపోతే ఉత్తరమే.

ఇక అసలు పని. జనరల్ సైన్స్‌లో బృహదణువులు అని ఒక పాఠం ఉంది. చిక్కడపల్లి లైబ్రరీలో రెండు పూటలు దాని ముందు కూర్చున్నాను. ఒక్క ముక్క తలకెక్కలేదు. బీఏ వాణ్ని, నామీద దయ ఉంచి, నీ బడి పిల్లలకు చెప్పినట్టే ఉత్తరాల్లో చెప్పు.

కీళ్ల నొప్పులు తగ్గాయా? నీళ్లు బాగా తాగు.

నీ తమ్ముడు
శ్రీశైలం


చెన్నూరు
ఏప్రిల్ 19

ఫోను సన్యాసి గారికి అక్క దండాలు.

ఇంటర్‌లో బైపీసీ తీసుకోరా అంటే "కప్పలను ఎవడు కోస్తడే" అని పారిపోయినవాడివి. చూశావా, కప్ప నిన్ను వెతుక్కుంటూ అశోక్‌నగర్ వచ్చింది. సరే, విను.

మన ఒంట్లో పెద్ద అణువులు నాలుగు జాతులు. పిండిపదార్థాలు, కొవ్వులు, ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు. కొవ్వులను పక్కన పెడితే మిగతావన్నీ చిన్న ముక్కలను వరసగా కలిపి కట్టినవే. ప్రోటీన్ అంటే పూసల దండ అనుకో. పూసల పేరు అమైనో ఆమ్లాలు, మొత్తం ఇరవై రకాలు. ఏ పూస పక్కన ఏ పూస అన్నది మొదటి సంగతి. అయితే దండ దండలాగే వేలాడితే ఏ పనీ చేయదు. నీళ్లంటే ఇష్టమున్న పూసలు బయటికి, నీళ్లు గిట్టనివి లోపలికి తిరిగి, దండంతా ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారంతోనే దాని పని నడుస్తుంది. అమ్మ చుట్టే బీడీలు చూడలేదా? అదే ఆకు, అదే తంబాకు. చుట్టడంలో తేడా వస్తే పొగ రాదు, కార్ఖానావాళ్లు చాటలోంచి ఏరి పారేస్తారు. పరీక్షలో ఎట్లా తిప్పి అడిగినా జవాబు ఇదే.

మన కణాల పైన కూడా కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. ఇది నాది, ఇది పరాయిది అని ఒంటికి గుర్తు చెప్పడం వాటి పని. ఈ గుర్తులు ఒకరివి ఒకరికి కలవడం చాలా అరుదు. సొంత తోబుట్టువుల్లో కూడా నలుగురిలో ఒకరికి కలిస్తే గొప్ప.

ఇది పాఠం కాదు, శ్రీశైలం. పోయిన చలికాలం సికిల్ సెల్ క్యాంపులో నీ బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తీసుకున్నారు, గుర్తుందా? "చక్కిలిగిలి అయితందక్క" అని నవ్వావు. ఆ రిపోర్టు వచ్చింది. నీవీ నావీ అన్ని గుర్తులూ కలిశాయి. నాకు జబ్బు తెచ్చిన తప్పు నీ రక్తంలో లేదు కూడా. నీ మూలుగ కొంత తీసి నాకెక్కిస్తే, నా ఒంట్లో నీ రక్తం పుడుతుందట. నాకు జబ్బు ఉండదట.

పల్లవి డాక్టరమ్మ ఏమందో అచ్చంగా రాస్తున్నాను. "ఒకసారి ఛాతి పట్టింది కదా స్వరూపా, మళ్ల పట్టకముందే చేసుకోవాలె. లేట్ చేస్తే నేను మాట ఇయ్యలేను."

నీకేమీ కాదు. తీసింది తీసినట్టు మళ్లీ పెరుగుతుంది. కానీ టెస్టులు, విశ్రాంతి అన్నీ కలిపి నీ చదువు ఒక నెల పోతుంది. అడగడానికి సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను. ఇన్నేళ్లు నొప్పి వచ్చినప్పుడల్లా పోతే పోనీ అనుకునేదాన్ని. రిపోర్టు చూసినప్పటి నుంచి అట్లా అనుకోవడం చేతకావడం లేదు. నాకు బతకాలని ఉంది.

అక్క


అశోక్‌నగర్
మే 2

అక్కా,

నీ ఉత్తరం మెస్సులో చదివి గట్టిగా అరిచాను. సాంబారు వడ్డించే మాసమ్మ గరిట కింద పడేసింది. "ఏమైందిర, ఉద్యోగమొచ్చిందా?" అంది. "గంతకంటె ఎక్కువనే" అన్నాను. నాలో ఎప్పుడూ ఏ పరీక్షకూ సరిపోనిది ఏదో ఒకటి ఉంటుందనుకున్నాను. నీకు అన్నీ సరిపోయాయంటే నేను మొదటిసారి నూటికి నూరు తెచ్చుకున్నట్టే.

ఎంత కావాలంటే అంత తీసుకో. దీనికి అడగడం ఏమిటి, సిగ్గు ఏమిటి?

ఒక్క మాట మాత్రం డాక్టరమ్మతో చెప్పు. పరీక్ష జూలై మూడో వారంలో ఉంది. అది రాసిన సాయంత్రమే బస్సెక్కుతాను. ఇప్పుడు నెల పోతే నేను మళ్లీ మొదటి మెట్టు మీద ఉంటాను. ఐదేళ్లుగా ఇక్కడ పడి ఉన్నాను. ఈసారి రాకపోతే ఏ ముఖం పెట్టుకుని చెన్నూరులో బస్సు దిగను? ఇక్కడ అందరి బతుకూ ఇంతే. అనుదీప్ పెళ్లిచూపులు పరీక్ష తర్వాత. రాజశేఖర్ పన్ను నొప్పి కూడా పరీక్ష తర్వాతే, బుగ్గ కింద లవంగం పెట్టుకుని పాలిటీ చదువుతున్నాడు. రెండున్నర నెలలు ఎంతలో పోతాయి!

పాఠం బాగా అర్థమైంది. నీ బీడీ పోలిక సృజన్‌కు కూడా చెప్పాను. తర్వాతిది పంపు.

నీ నూటికి నూరు తమ్ముడు
శ్రీశైలం


చెన్నూరు
మే 17

శ్రీశైలానికి,

నీ జూలైని డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. రాసేటప్పుడు ముఖం చిట్లించింది. "పరీక్షలు మళ్ల వస్తయి గదా" అంది. మా తమ్ముడి సంగతి మీకు తెలియదని నేనే సర్ది చెప్పాను. నీ తరఫున వకీలు పని కూడా నాదే అయింది.

ఇవాళ్టి పాఠం హీమోగ్లోబిన్. నాలుగు దండలు ఒక్కటిగా ముడుచుకుని ఉంటాయి. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును పట్టుకుంటుంది, కాళ్ల దగ్గరా చేతుల దగ్గరా విడిచిపెడుతుంది. పట్టుకోవడం ఎంత ముఖ్యమో, వేళకు విడవడం అంత ముఖ్యం.

ఆ దండల్లో బీటా అనే దాన్ని చూడు. అందులో ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. అది నీళ్లతో కలిసిమెలిసి ఉండే పూస. నాకు అక్కడ వాలీన్ ఉంది. దానికి నీళ్లు గిట్టవు. మిగతా పూసలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రాణవాయువును విడిచినప్పుడు ఆ వాలీన్ పక్క అణువును పట్టుకుంటుంది, అది ఇంకో దాన్ని. అన్నీ కలిసి కట్టెపుల్లల్లా బిగుసుకుంటాయి. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. సికిల్ అంటే కొడవలి అని అందుకే. గ్లుటామిక్ ప్లేసులో వాలీన్, బీటా దండ, ఆరో స్థానం. రాసి పెట్టుకో, ఇది తప్పకుండా అడుగుతారు.

పుస్తకంలో లేనిది ఒకటి చెబుతాను. అడ్డం పడినప్పుడు ఎముక లోపల ఎవరో బాడిశతో చెక్కుతున్నట్టుంటుంది. బడిలో పాఠం మధ్యలో వస్తే బోర్డు వైపు తిరిగి నిలబడతాను. పిల్లలు నేను బొమ్మ వేస్తున్నాననుకుంటారు.

జూలై దాకా బాగానే ఉంటాను. నువ్వు మంచిగా రాయి.

అక్క


అశోక్‌నగర్
జూలై 12

అక్కా,

పరీక్ష వాయిదా పడింది. లైబ్రరీ బోర్డు మీద కాగితం అంటించారు. చదివిన వాళ్లు చదివినట్టే మెట్ల మీద కూలబడ్డారు. కొంతమంది ఆర్టీసీ క్రాస్ రోడ్డు దాకా ఊరేగింపుగా పోయి బస్సులు ఆపారు. నేను కూడా పోయాను, అరిచాను, గొంతు పోయింది. కొత్త తేదీ అక్టోబరులో అంటున్నారు.

నీ విషయం ఏం చేద్దాం? నన్ను ఇప్పుడే రమ్మంటావా? నువ్వు రమ్మంటే వస్తాను. కాకపోతే అక్టోబరు అంటే మళ్లీ మూడు నెలలే. ఇప్పుడు రివిజన్ మధ్యలో ఉన్నాను, అన్నీ చేతికి వస్తున్న సమయం. నాకోసం ఆగమని అనడం లేదు. నీ ఆరోగ్యం ఎట్లా ఉందో నీకే తెలుసు కదా. ఆగగలిగితే ఆగు, లేదంటే ఒక్క మాట రాయి.

అమ్మకు వాయిదా సంగతి నెమ్మదిగా చెప్పు.

శ్రీశైలం


చెన్నూరు
ఆగస్టు 21

తమ్ముడికి,

జవాబు ఆలస్యమైంది. వానలకు పోస్టు సరిగా నడవడం లేదు.

నువ్వు చదువుకో. మూడు నెలలే కదా అన్నావు, నిజమే, మూడు నెలలే.

పిండిపదార్థాలు చిన్న పాఠం, ఇక్కడే అయిపోతుంది. మనం తినే అన్నమూ, ఎడ్లు తినే గడ్డీ, రెండూ గ్లూకోజ్ ముక్కలతో కట్టినవే. అన్నంలో ముక్కలు ఒక తీరున కలిశాయి, గడ్డిలో కలిసిన తీరు వేరు. అందుకే అన్నం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. ముక్కలు ఒక్కటే అయినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి పనికిరావాలని లేదు.

అమ్మ బాగుంది. ఈమధ్య బీడీలు చుట్టడం లేదు. నేను కూడా బడికి సెలవు పెట్టాను. చేతికి కొంచెం నొప్పి, అందుకే రాత ఇట్లా ఉంది.

అక్క


అశోక్‌నగర్
అక్టోబరు 9

అక్కా,

మళ్లీ వాయిదా. ఇప్పుడు డిసెంబరు.

రాజశేఖర్ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. పోయేటప్పుడు పుస్తకాలన్నీ నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పాత పేపర్ల వాడికి అమ్మేశాడు. "తూకానికి కూడ సరిగ్గ రాలె శ్రీశైలం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అతని మంచం మీద ఇంకో పిల్లవాడు దిగాడు. ఆ పిల్లవాడి కళ్లలో ఐదేళ్ల కింది నేను కనిపిస్తున్నాను, చూడలేకపోతున్నాను.

నిద్ర రాదు, తిండి దిగదు. పొద్దున లైబ్రరీ గేటు ముందు లైన్లో నిలబడి, ఎందుకు నిలబడ్డానో మరిచిపోతున్నాను. నాతో డిగ్రీ చదివినవాళ్ల పిల్లలు బడికి పోతున్నారు. నేను ఇంకా మంచానికి కిరాయి కట్టుకుంటూ ఖండాల పేర్లు బట్టీ కొడుతున్నాను.

నీ ఉత్తరాలు ఎందుకు ఇంత చిన్నవి అయిపోయాయి? కోపం వచ్చిందా? నేను వస్తానని రాశాను కదా. రా అని నువ్వు ఒక్క ముక్క రాస్తే పుస్తకాలు అవతల పారేసి వచ్చేవాణ్ని. నువ్వు రాయలేదు. ఇప్పుడు నేనే ఏదో తప్పు చేసినట్టు రెండేసి ముక్కలు రాస్తే నేనేం చేయాలి? నా నెత్తి మీద ఉన్న బరువు చాలదా?

ప్రోటీన్లు వేడికి చెడిపోవడం గురించి ఒక ప్రశ్న వస్తుందంటున్నారు. వీలైతే చెప్పు.

శ్రీశైలం


చెన్నూరు
నవంబరు 4

శ్రీశైలం,

కోపం లేదు. ఓపిక లేదు.

కోడిగుడ్డు తెల్లసొన అంతా ప్రోటీన్. వేడి తగిలితే ముడుచుకున్న దండ విడిపోతుంది, విడిపోయినవన్నీ ఒకదానికొకటి చుట్టుకుని తెల్లగా గట్టిపడతాయి. పూసలు అవే, వరస కూడా అదే, ఒక్కటీ రాలిపోలేదు. ఆకారం పోయింది కాబట్టి పని పోయింది. ఉడికిన గుడ్డును ఎంత చల్లారబెట్టినా మళ్లీ పచ్చిది కాదు. చల్లార్చవలసింది ఉడకకముందు.

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. మిగతావి నీ పుస్తకంలో చదువుకో.

అక్క


అశోక్‌నగర్
డిసెంబరు 15

అక్కా! అక్కా!

రాసేశాను. నిన్న అయిపోయింది. బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడితే ఒళ్లంతా తేలికైపోయింది. చాలా బాగా రాశాను, ఈసారి వస్తుంది.

ఒక సంగతి చెబితే నవ్వుతావు. నీ జబ్బు ఒక మార్కుకు వచ్చింది! కొడవలి కణ వ్యాధిలో బీటా దండలో ఏ స్థానంలో, దేని బదులు ఏది వస్తుంది అని. చదవడం కూడా పూర్తి చేయలేదు, జవాబు దిద్దేశాను. హాల్లో నాకొక్కడికే నవ్వొచ్చింది. మా అక్క చెప్పిందిరా అని పక్కవాడికి చెప్పాలనిపించింది.

పోయిన ఉత్తరంలో నీ మీద అరిచాను, మనసులో పెట్టుకోకు. అప్పుడు నేను మనిషిగా లేను. ఇప్పుడు నీ వంతు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. ఇవాళే రావాలని ఉంది. కానీ ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే నువ్వు డాక్టరమ్మకు చెప్పి మంచం సిద్ధం చేయించుకుంటావని ఆగాను. ఫోను చేద్దామంటే మీ నంబర్లు ఒక్కటీ నోటికి రావు, అన్నీ సందుగలో ఉన్న ఫోనులోనే ఉన్నాయి. వచ్చి నా చేత్తో దాన్ని తీసి, మొదటి ఫోను డాక్టరమ్మకే చేస్తాను.

అమ్మను మటన్ తెమ్మను. మూలుగ బొక్క నాకే పెట్టాలి. ఇచ్చేవాణ్ని కదా, బలం కావాలి.

శ్రీశైలం


నారాయణగూడ
డిసెంబరు 20, శనివారం

శ్రీశైలం,

పైన ఊరి పేరు మళ్లీ చదువు. తప్పు రాయలేదు. ఆగస్టు నుంచి నేనూ అమ్మా నారాయణగూడలోనే ఉన్నాం.

నాతో డిగ్రీ చదివిన వీణ నీకు తెలుసు కదా. వాళ్ల అత్తగారు ప్రభావతి గారు మేడ మీద గది ఇచ్చారు. ఆగస్టులో మళ్లీ ఛాతీ పట్టింది, ఊళ్లో కుదరదని తీసుకొచ్చారు. అప్పటి నుంచి రక్తం ఎక్కించుకుంటూ ఉన్నాను. పైన చెన్నూరు అని రాసినా, నా ఉత్తరాలు ఇక్కడి డబ్బాలోనే వేశారు. కవరు మీద ముద్ర ఒక్కసారి చూసినా నీకు తెలిసేది. నీ ఉత్తరాలు మాత్రం చెన్నూరు పోతాయి. మన పక్కింటి ఉప్పలయ్య మామ అడ్రసు కొట్టేసి, ఇక్కడిది రాసి మళ్లీ పంపుతాడు. నువ్వు ఉండేది ఫ్లైఓవర్ దాటితే వస్తుంది. నీ ఉత్తరం మాత్రం గోదావరి దాకా పోయి వస్తుంది. పరీక్ష రాశానన్న ఉత్తరం కూడా అట్లా తిరిగి ఇవాళే నా చేతికి వచ్చింది.

నిన్ను చూశాను. సెప్టెంబరులో ఆసుపత్రికి పోతుంటే చిక్కడపల్లి లైబ్రరీ గోడ దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డావు. పక్కన ఒక పిల్లవాడు ఏదో అన్నాడు, నువ్వు పడీపడీ నవ్వావు. "ఆటో ఆపుర బిడ్డా, నా కొడుకు" అని అమ్మ ఏడ్చింది. నేను ఆపనివ్వలేదు. నీకు చెప్పనని అమ్మతో నా నెత్తి మీద ఒట్టు వేయించుకున్నాను.

ఎందుకు రమ్మనలేదని కదా అడిగావు. ఏప్రిల్‌లో నేను బతకాలని ఉందని రాస్తే నువ్వు తేదీ చెప్పావు. జూలైలో నువ్వు రమ్మంటే వస్తానన్నావు. రేపు నీకు ఉద్యోగం రాకపోతే, అక్క రమ్మన్నది కాబట్టి పోయిందని జీవితాంతం అనుకుంటావు. పైకి అనవు, నాకు తెలుసు. ఆ మాట నామీద ఉంచుకుని నీ రక్తంతో బతకడం నాకు ఇష్టం లేకపోయింది. నువ్వు అడగకుండా వస్తావని చూశాను. పొద్దున లేచిన దగ్గర నుంచి గేటు చప్పుడు వింటూ చూశాను. నాకు కోపం లేదని రాసింది అబద్ధం. చాలా కోపం ఉంది. నీకంటే నామీద ఎక్కువ. పౌరుషానికి పోయి నా ప్రాణం నేనే పోస్టులో వేసుకున్నాను.

ఇప్పుడు డాక్టర్లు కుదరదన్నారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోయింది. నీ మూలుగ ఎక్కించాలంటే ముందు నాది చంపే మందు ఇవ్వాలి, దాన్ని నా గుండె తట్టుకోదట. నవంబరులోనే చెప్పారు. గుడ్డు పాఠం రాసింది ఆ తర్వాతే.

నా జబ్బు ఒక మార్కుకు వచ్చినందుకు నిజంగా నవ్వాను. ముక్కుకు గొట్టం ఉంది, నవ్వితే దగ్గు వచ్చింది. అమ్మ తిట్టింది.

చెన్నూరు పోకు. మీ ఓనరు నంబరు రాసిన ఉత్తరం చెన్నూరు ఇంట్లోనే ఉండిపోయింది. రేపు పొద్దున బయలుదేరకముందే నీకు అందాలని దీన్ని వీణ చేతికి ఇస్తున్నాను. మూలుగ కోసం కాదు, మంచం కోసం కాదు. ఊరికే నా పక్కన కూర్చో. ఇప్పుడు అంటున్నా, విను. రా. జల్ది రా, తమ్మీ.

అక్క


అశోక్‌నగర్
ఫిబ్రవరి 11

అక్కా,

వీణక్క ఆదివారం తెల్లారేసరికే వచ్చిందట. రాత్రి నీకు ఆయాసం ఎక్కువై ఇల్లు కదలలేకపోయిందట. అప్పటికి నేను బస్సులో సిద్దిపేట దాటాను. రూములో వాళ్లంతా ఊళ్లకు పోయి తాళం ఉందని, నీ ఉత్తరం తలుపు కిందికి తోసి పోయింది.

చెన్నూరులో దిగి మటన్ తీసుకుని ఇంటికి పోయాను. అమ్మ మరిచిపోతుందని నేనే తెచ్చాను. తలుపుకు తాళం ఉంది. తాళం మీద సాలెగూడు ఉంది. ఉప్పలయ్య మామ అరుగు మీది నుంచి చూసి లేచి నిలబడ్డాడు. "అరే, నీకు తెల్వదా బిడ్డా? వానకాలం సంది వాళ్లు పట్నంలనే ఉన్నరు. నీకు దగ్గరనే గదా, రోజు కలుస్తున్నవనుకున్న" అన్నాడు. ఆయన ఫోను నుంచి అమ్మకు కలిపాడు. అమ్మ నా పేరు అనలేకపోయింది. ఫోను నీ చెవి దగ్గర పెట్టిందట. నేను అక్కా అక్కా అని అరుస్తూ ఉన్నాను. నాకు వినిపించింది నీ ఊపిరి ఒక్కటే.

నేను నారాయణగూడ చేరేసరికి మెట్ల కింద చెప్పులు చాలా ఉన్నాయి.

ఆ తర్వాత రూముకు పోతే తలుపు తీయగానే నీ కవరు కాలికి తగిలింది. రా అని రాసి ఉంది. ఎన్ని నెలలు నీ నోటి నుంచి ఆ మాట కోసం పట్టుబట్టాను!

ఇప్పుడు రోజూ మా గల్లీ నుంచి ప్రభావతి గారి గేటు దాకా నడుస్తున్నాను. ఫ్లైఓవర్ పక్క నుంచి కూరగాయల బండ్లు దాటితే అదే. చమట కూడా పట్టదు. గేటు చప్పుడు చేసి తిరిగొస్తాను. "లోపలికి రా బాబూ" అని ప్రభావతి గారు పిలుస్తారు. పోలేను.

నిన్న కీ వచ్చింది. నీ ప్రశ్న తీసేశారక్కా. ఇచ్చిన జవాబుల్లో ఏదో తప్పుందట. అందరికీ ఒక మార్కు కలిపారు. తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకటే. సృజన్ లెక్క వేసి నాకు ఉద్యోగం ఖాయమని ఎగిరాడు. నేను పడుకుని గోడ వైపు తిరిగాను. నువ్వు బోర్డు వైపు ఎందుకు తిరిగేదానివో అప్పుడు తెలిసింది.

పల్లవి డాక్టరమ్మను కలిశాను. నా మూలుగ ఇప్పుడు ఇంకెవరికైనా పనికొస్తుందా అని అడిగాను. "పేరు రాసుకుంటం. గుర్తులు కలిసేటోళ్లు దొరకాలె కదా" అంది. "నీకు కలిసిన మనిషి ఒక్కతే ఉండె" అని మాత్రం అనలేదు, నా పేరు రాసుకుంది.

నువ్వు చెప్పిన పాఠాలన్నీ నోటికి వచ్చాయి. ఇంకెప్పటికీ మరిచిపోలేను. నా ఒంట్లో ఎక్కడో లోపల మూలుగ తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఆరో పూస సరిగ్గా ఉన్న రక్తం, నీకు సరిపోయే రక్తం, ఇది రాస్తున్నప్పుడు కూడా పుడుతూనే ఉంది. ఆపడం నా చేతిలో లేదు.

కవరు మీద అలవాటు కొద్దీ చెన్నూరు అనే రాశాను. ఉప్పలయ్య మామ దాన్ని కొట్టేసి, ఈసారి ఏ అడ్రసు రాస్తాడక్కా?

శ్రీశైలం